సిగ్నల్ తీసేసి యూటర్న్ పెడితే ట్రాఫిక్ నిజంగా తగ్గుతుందా? ఎంటెక్ థీసిస్‌కి సలహా కావాలి

గుంపులో గోవిందు:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్ ఎంటెక్ రెండో సంవత్సరం చేస్తున్నాను. థీసిస్ టాపిక్ దాదాపు ఖాయమైంది. చౌరస్తాలో సిగ్నల్ ఆపేసి, బారికేడ్లు అడ్డం పెట్టి, కాస్త ముందుకెళ్లి యూటర్న్ తీసుకోమంటున్నారు కదా, దానివల్ల ఆలస్యం తగ్గిందా పెరిగిందా అని లెక్క తీయాలి. మా గైడ్ గారు తార్నాక తీసుకోమన్నారు. అక్కడ జంక్షన్ ఏళ్ల తరబడి మూసి ఉంచి, 2025 ఏప్రిల్‌లో ట్రయల్ అని మళ్లీ తెరిచారు కాబట్టి మూసినప్పుడు ఎలా ఉంది, తెరిచాక ఎలా ఉంది అని పోల్చడానికి వీలున్న చోటు.

మూసి ఉన్నప్పటి వీడియో మా సీనియర్ల దగ్గర కొంత ఉంది, ఫిబ్రవరిలో తీసింది. తెరిచాక మే మొదట్లో తీసింది కూడా ఉంది. రెండిట్లోనూ జంక్షన్ దగ్గర పది నిమిషాల చొప్పున బండ్లు లెక్కపెట్టి, ఆలస్యం కొలిచి, విస్సిమ్ (ట్రాఫిక్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) లో మోడల్ చేసేస్తే అయిపోతుందా? ఇంకేమైనా చూడాలా? ఇంకోటి, మా క్లాసులో అందరూ "యూటర్న్ పెడితే తగ్గుతుందని అందరికీ తెలిసిందే, ఇందులో రీసెర్చ్ ఏముంది" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది, సినాప్సిస్ ఇచ్చే టైమ్ దగ్గర పడింది.

కాజీపేట స్కాలర్:

అందరికీ తెలిసిందే అన్నవాళ్లని ఎందుకు తగ్గుతుందో చెప్పమని అడుగు తమ్ముడూ, సగం మంది అక్కడే ఆగిపోతారు.

తగ్గడానికి అసలు కారణం ఫేజులు. మన నాలుగు రోడ్ల కూడళ్లలో చాలా చోట్ల ఒక్కో రోడ్డుకి విడిగా గ్రీన్ ఇస్తారు, అంటే నాలుగు ఫేజులు. ఒక్కో ఫేజు మారేటప్పుడు నాలుగు సెకన్లు వృథా అనుకో, సైకిల్‌కి, అంటే ఫేజులన్నీ ఒక చుట్టు తిరిగేలోపు, 16 సెకన్లు పోయినట్టు. సైకిల్ ఎంత పెట్టాలో చెప్పే 1958 నాటి వెబ్‌స్టర్ ఫార్ములా నీకు తెలుసు కదా, వృథా టైమ్‌ని ఒకటిన్నరతో గుణించి, 5 కలిపి, దాన్ని (1 - వై) తో భాగించడం. వై అంటే ఒక్కో ఫేజులో వచ్చే ట్రాఫిక్‌కి, గ్రీన్‌లో ఆ రోడ్డు వదలగల గరిష్ఠ ట్రాఫిక్‌కి ఉన్న నిష్పత్తుల మొత్తం. వై 0.75 అనుకుంటే సైకిల్ 116 సెకన్లు వస్తుంది. ఇప్పుడు కుడి మలుపులన్నీ తీసేసి రెండే ఫేజులు పెట్టావనుకో, వృథా 8 సెకన్లు, వై కూడా తగ్గి 0.65 అయిందనుకో, సైకిల్ 49 సెకన్లు. సగానికి పైగా పడిపోయింది. ఇది ఊరికే లెక్క కోసం వేసిన అంకెలే, తార్నాకవి కావు. కానీ కిటుకంతా ఇక్కడే ఉంది. కుడి మలుపుని జంక్షన్‌లోంచి బయటికి తోసేస్తే జంక్షన్ తేలికపడుతుంది.

తోసేసింది ఎటు పోయింది మరి? ముందున్న యూటర్న్ దగ్గరికి. నువ్వు జంక్షన్ దగ్గరే కెమెరా పెట్టి, జంక్షన్ దగ్గరే ఆలస్యం కొలిస్తే యూటర్న్ గెలవక ఏం చేస్తుంది! నేను చూసిన థీసిస్‌లలో సగానికి సగం ఇదే తంతు. స్టడీ ఏరియా ఎక్కడిదాకా గీశావన్న దాంట్లోనే ఫలితం ముందే తేలిపోతుంది. నీ హద్దు రెండు వైపులా యూటర్న్‌లు దాటి, అక్కడ క్యూ ఎంత దూరం పెరుగుతుందో అంతకు అవతల దాకా ఉండాలి. పక్క వీధుల్లోంచి అడ్డదారిన పోయేవాళ్లు ఉంటే ఆ వీధులు కూడా.

ఇంకో లెక్క. యూటర్న్ 400 మీటర్ల దూరంలో ఉంటే పోయి రావడానికి 800 మీటర్లు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో 192 సెకన్లు, 25తో వెళ్తే 115. అంటే కుడివైపు తిరగాల్సినవాడు ఇంతకుముందు రెడ్ లైట్ దగ్గర నిమిషంన్నర నిలబడితే, ఇప్పుడు రెండు మూడు నిమిషాలు కదులుతూ పోగొట్టుకుంటున్నాడు. కదులుతున్నాడు కాబట్టి జంక్షన్ డిలేలో వాడు కనిపించడు. నేరుగా పోయేవాడు మాత్రం బాగా లాభపడతాడు. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అనేది విడివిడిగా చూపించు, అప్పుడు అది రీసెర్చ్.

పాత సర్వేయర్:

నేను కన్సల్టెన్సీల్లో ట్రాఫిక్ సర్వేలు చేయించినవాడిని, ఇప్పుడు మానేశాను. పుస్తకం సంగతి పైన సార్ చెప్పారు కాబట్టి రోడ్డు మీద సంగతి నేను చెప్తా.

పది నిమిషాల కౌంట్ వద్దు బాబూ. ఐదు నిమిషాలకో విడత వెయ్యి, రెండు గంటల పీక్ మొత్తం తియ్యి. యూటర్న్ దగ్గర క్యూ ఒకే తీరున ఉండదు, ఒక ఆర్టీసీ బస్సో ట్యాంకరో తిరిగేటప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది, మళ్లీ కరిగిపోతుంది. పెద్ద విడతలు తీసుకుంటే ఆ ఎగుడుదిగుడంతా సగటులో కలిసిపోయి ఏమీ కనిపించదు.

తార్నాకలో నడిమధ్యలో మెట్రో పిల్లర్లున్నాయి. అది చిన్న విషయం కాదు. యూటర్న్ తిరిగేవాడికి ఎదురుగా వచ్చే బండి పిల్లర్ చాటున ఉంటుంది, ముక్కు బయట పెడితే గానీ కనపడదు. అందుకని ఏం చేస్తారు, ముందు ఒక బైకువాడు ముందు చక్రం రోడ్డు మీదికి పెడతాడు, వాడి పక్కన ఆటోవాడు చేరతాడు, ఆటో అండ చూసుకుని కారువాడు దూరతాడు. మూడూ కలిసి గోడ కట్టినట్టయ్యాక అటునుంచి వచ్చేవాళ్లు ఆగక తప్పదు. ఎవరూ గ్యాప్ కోసం ఆగరు, గ్యాప్ చేసుకుంటారు. పాఠాల్లో క్రిటికల్ గ్యాప్ (దూరడానికి కనీసం కావాల్సిన ఖాళీ) లెక్కలు ఉంటాయే, మెయిన్ రోడ్డు బండికి దారిచ్చి బుద్ధిగా ఆగేవాళ్లని బట్టి కట్టినవి, వాటిని తెచ్చి ఇక్కడ నేరుగా వాడితే ఏ అర్థమూ లేని అంకె వస్తుంది. వీడియోలో ఒక్కో బండిని కాకుండా ఆ గుంపుని ఒక యూనిట్‌గా చూసుకో. ఎన్ని బండ్లు కలిసి దూరాయి, వాటికోసం ఎదురు ప్రవాహం ఎన్ని సెకన్లు ఆగింది అని రాసుకో.

తర్వాత రాంగ్ రూట్. యూటర్న్ దూరమైతే జనం తిరిగి రారు, ఎదురు వెళ్తారు. ఎడమ అంచున ఎదురుగా వచ్చే బైకుల్ని, ఆటోల్ని తప్పకుండా విడిగా లెక్కపెట్టు. ఏ రిపోర్టులోనూ ఆ కాలమ్ ఉండదు. మేం ఫార్మాట్ ఇచ్చినా పిల్లలు ఖాళీగా వదిలేసేవాళ్లు, పైనుంచి ఎవరూ అడిగేవాళ్లూ కాదు.

వీడియో తీసేముందు డిపార్ట్‌మెంట్ నుంచి ట్రాఫిక్ పోలీసులకు లెటర్ పెట్టించుకో. డ్రోన్ జోలికి పోకు, అనుమతులు తెచ్చుకునేసరికి సెమిస్టర్ అయిపోతుంది. ఎత్తైన షాపు మేడ మీదికి వెళ్లనిస్తే చాలు.

గుంపులో గోవిందు:

సార్, స్కాలర్ అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. మా గైడ్ గారు విస్సిమ్ మోడల్ లేకపోతే ఒప్పుకోనంటున్నారు. మన ట్రాఫిక్‌లో లేన్లే లేవు కదా, అది నడుస్తుందా? పైగా పీసీయూ, అంటే ఒక్కో బండిని ఎన్ని కార్ల కింద లెక్కేయాలన్న అంకె, ఎక్కడిది తీసుకోవాలి, ఐఆర్‌సీ 106 గైడ్‌లైన్స్‌దా, ఇండో హెచ్‌సీఎం మాన్యువల్‌దా?

మిషిగన్ మావయ్య:

నేను పుట్టింది తెనాలి, ఇప్పుడు మిషిగన్‌లో సిగ్నల్ టైమింగ్ పని. ఈ థ్రెడ్ చూసి ఆగలేక రాస్తున్నా, ఎందుకంటే మీరు మాట్లాడుతున్న యూటర్న్‌లకి మా రాష్ట్రం పేరే పెట్టారు. మిషిగన్ లెఫ్ట్ అంటారు. ఇక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి ఇక్కడి ఎడమ మలుపు మీ కుడి మలుపుతో సమానం. 1960ల నుంచి ఉంది. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకునే అవకాశమున్న చోట్లు 32 ఉంటే, ఇందులో 16కి తగ్గుతాయి. భద్రతకి మంచిదని చెప్పడానికి ఇక్కడ దాఖలాలు చాలా ఉన్నాయి.

కానీ జాగ్రత్తగా గమనించు. ఇక్కడ జంక్షన్ దగ్గర సిగ్నల్ తీసెయ్యరు, రెండు ఫేజులతో అలాగే ఉంచుతారు, అడ్డ రోడ్డువాడు నేరుగా దాటొచ్చు. యూటర్న్ దగ్గర కూడా రద్దీ ఉన్నచోట విడిగా ఒక సిగ్నల్ ఉంటుంది, జంక్షన్ సిగ్నల్‌తో జత కలిపి నడుపుతారు. మధ్యలో మీడియన్ 60 అడుగుల దాకా ఉంటే గానీ పెద్ద ట్రక్కు ఒక్క ఊపులో తిరగదు. అంత లేకపోతే ఎదురు అంచున రోడ్డుని బొడిపెలా వెడల్పు చేస్తారు, లూన్ అంటారు దాన్ని.

మీ దగ్గర బారికేడ్లు పెట్టి చేసేది ఇది కాదు. అడ్డ రోడ్డులో నేరుగా వెళ్లాల్సినవాడు కూడా ఎడమకి తిరిగి, మెయిన్ రోడ్డంతా అడ్డంగా దాటి, యూటర్న్ తీసుకుని, మళ్లీ వెనక్కొచ్చి ఎడమకి తిరగాలి. దీనికి ఇక్కడ వేరే పేరుంది, ఆర్‌కట్ అంటారు, సూపర్ స్ట్రీట్ అని కూడా. దాంట్లో గుద్దుకునే చోట్లు ఇంకా తక్కువ, 14. అయితే అది అడ్డ రోడ్డులో ట్రాఫిక్ పలచగా ఉన్నచోటికి తగిన డిజైన్. ఉస్మానియా యూనివర్సిటీ వైపు నుంచి లాలాపేట పోయే రోడ్డు పలచన అంటే నేనొప్పుకోను, చదువుకునే రోజుల్లో ఆ రోడ్డు మీద తిరిగినవాణ్ణే. కాబట్టి నీ లిటరేచర్ రివ్యూలో మిషిగన్ పేపర్లు పెట్టి "విదేశాల్లో బాగా పనిచేసింది" అని రాసేస్తే, వైవాలో ఎవరైనా గట్టివాళ్లు కూర్చుంటే పట్టేసుకుంటారు. మెయిన్ రోడ్డుకి అడ్డ రోడ్డుకి ట్రాఫిక్ నిష్పత్తి ఎంత దాటితే ఈ పద్ధతి బెడిసికొడుతుంది అన్న ప్రశ్న వేసుకో, దానికి మన పరిస్థితుల్లో జవాబు దొరికితే అది ఒక మంచి థీసిస్.

మెట్టుగూడ ప్యాసింజర్:

నేను ఇంజినీర్‌ని కాదు, బస్సెక్కే మనిషిని. పైన అందరూ బండ్ల గురించే మాట్లాడారు, ఒక్కరూ మనుషుల గురించి అనలేదు, అందుకే రాస్తున్నా.

సిగ్నల్ ఉన్నప్పుడు రెడ్ పడితే బండ్లు ఆగేవి, మేం దాటేవాళ్లం. సిగ్నల్ తీసేశాక బండ్లకి ఆగడమే లేదు కదా, మరి మేమెప్పుడు దాటాలి? మెట్రో స్టేషన్ ఎక్కి అటు దిగొచ్చుగా అంటారు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారికి మీరే చెప్పి చూడండి. ఆవిడ కూరగాయల సంచీ చేత్తో పట్టుకుని, బారికేడ్ల మధ్య ఎవరో పక్కకి జరిపిన సందులోంచే వస్తుంది, ఆవిడే కాదు అందరూ అంతే.

బస్సు సంగతి ఇంకా ఘోరం. స్టాపు ఎడమ పక్కన. అక్కడ ఎక్కించుకుని, యూటర్న్ కోసం ఆ కాస్త దూరంలోనే కుడి చివరికి పోవాలి. డ్రైవర్ చెయ్యి బయటపెట్టి ఊపుతూనే ఉంటాడు, ఎవరూ దారివ్వరు. లోపల నిలబడ్డవాళ్లం అటూ ఇటూ పడుతుంటాం. ఆ బస్సు అడ్డంగా నిలబడితే వెనకున్న కార్లన్నీ హారన్, "ఆర్టీసీ వల్లే జామ్" అని. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకి ఉచితం అయినప్పటి నుంచి బస్సులో ఎంత మంది ఉంటున్నారో మీకు తెలుసు. మా టైమ్ కూడా లెక్కలోకి వస్తుందా, లేక బస్సుని కూడా ఒక బండి కిందే రాసేసుకుంటారా?

కాజీపేట స్కాలర్:

ప్యాసింజర్ గారూ, ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా మంచి ప్రశ్న మీదే. జవాబు, చాలా స్టడీల్లో బండి కిందే రాసేసుకుంటారు.

గోవిందూ, నీ పీసీయూ ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబుంది. 1990 నాటి ఐఆర్‌సీ 106లో మొత్తం ట్రాఫిక్‌లో బస్సులు, ట్రక్కుల వాటా 5 శాతమైతే ఒక్కోటి 2.2, 10 శాతం అంతకు పైనైతే 3.7. టూవీలర్‌కి 0.5, 0.75. 2017లో సీఆర్‌ఆర్‌ఐ (కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ) తెచ్చిన ఇండో హెచ్‌సీఎం మన రోడ్ల మీద కొలిచి కట్టింది, కెపాసిటీకి దాన్నే వాడు, పాతదానితో ఎంత తేడా వచ్చిందో ఒక పట్టికలో చూపించు, చాలు. దీని మీద ఎక్కువ టైమ్ తగలెయ్యకు.

కానీ పీసీయూ అనేది రోడ్డు మీద ఎంత చోటు, ఎంత టైమ్ ఆక్రమిస్తుంది అన్నదానికి కొలత. ఎంతమందిని మోస్తుందో అది చెప్పదు. 60 మంది ఉన్న బస్సు ఎక్కువలో ఎక్కువ 3.7. అదే 60 మంది బైకుల మీద, ఒక్కోదాని మీద సగటున 1.2 మంది చొప్పున వస్తే 50 బైకులు, 37.5. పదింతలు! ఆలస్యాన్ని పీసీయూకి సగటు తీస్తే బస్సులో ఉన్న 60 మందికి ముగ్గురు నలుగురు కారువాళ్ల విలువే దక్కుతుంది. కాబట్టి ఆక్యుపెన్సీ సర్వే చెయ్యి, బస్సు బయట నిలబడి కంటితో అంచనా వేసినా సరే (ఖాళీ, సీట్లన్నీ నిండాయి, నిలబడ్డారు, వేలాడుతున్నారు అని నాలుగు తరగతులు పెట్టుకుంటే సరిపోతుంది), ఆలస్యాన్ని మనిషికి లెక్కగట్టు. రోడ్డు దాటేవాళ్లు ఎంతసేపు ఆగారన్నది కూడా అదే మొత్తంలో కలుపు.

ఢిల్లీ బీఆర్‌టీ గొడవ అసలు ఇదే. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు, 2008లో తెరిచారు. బస్సులకి విడిగా లేన్ ఇచ్చేసరికి కార్లవాళ్లు కోర్టుకెళ్లారు. సీఆర్‌ఆర్‌ఐ నివేదిక బీఆర్‌టీ లేకపోతేనే మేలని తేల్చింది, ఐఐటీ ఢిల్లీ వాళ్లు మనుషుల లెక్కన చూడమని వాదించారు. హైకోర్టు 2012లో పిటిషన్ కొట్టేసింది, అయినా 2016లో కారిడార్ పీకేశారు. రోడ్డు ఒకటే, ట్రాఫిక్ ఒకటే, దేన్ని కొలవాలన్న దగ్గర తేడా. నీకు ఒక పేరా అక్కడి నుంచి వస్తుంది.

ఇక విస్సిమ్. నడుస్తుంది, కానీ డిఫాల్ట్‌గా వదిలేస్తే నడవదు. డ్రైవింగ్ బిహేవియర్‌లో లాటరల్ సెట్టింగ్‌లకి వెళ్లి, ఫ్రీ ఫ్లోలో పొజిషన్ "ఎనీ" పెట్టి, ఒకే లేన్‌లో ఓవర్‌టేక్ రెండు వైపులా అనుమతించు, పక్క దూరాలు తగ్గించు. లైసెన్స్ లేకపోతే సుమో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంట్లో లేన్‌ని సన్న పట్టీలుగా చూసే సబ్‌లేన్ మోడల్ ఉంది. యూటర్న్ దగ్గర ఆ గోడ కట్టే వ్యవహారం మాత్రం దేంట్లోనూ దానంతటది రాదు, సర్వేయర్ గారు చెప్పిన డేటాతో ఎవరు ఎవరికి దారివ్వాలో చెప్పే ప్రయారిటీ రూల్స్‌ని నువ్వే సవరించుకోవాలి. వాల్యూమ్‌లు కలిశాయని జీఈహెచ్ (మోడల్‌లో బండ్ల లెక్కకి, రోడ్డు మీది లెక్కకి తేడా కొలిచే అంకె) 5 లోపు చూపించి చేతులు దులుపుకోకు, ట్రావెల్ టైమ్ కలవాలి, క్యూ కూడా కలవాలి. ఒక్క రన్‌తో తేల్చకు, వేర్వేరు ర్యాండమ్ సీడ్‌లతో (బండ్లు వచ్చే తీరుని మార్చే అంకెలు) నడిపి సగటు తియ్యి.

ఒక పెద్ద గండం మర్చిపోబోయాను. నీ మొదటి వీడియో ఫిబ్రవరి, రెండోది మే మొదట్లో అన్నావు. ఏప్రిల్ చివర్లోనే బడులకి సెలవులిచ్చేస్తారు. హబ్సిగూడ, తార్నాక చుట్టుపక్కల స్కూల్ బస్సులు, ఆటోలు, పిల్లల్ని దింపే కార్లు లేని ట్రాఫిక్‌ని, అవన్నీ ఉన్న ట్రాఫిక్‌తో పోల్చి "జంక్షన్ తెరిచాక ఆలస్యం తగ్గింది" అంటే అది జంక్షన్ గొప్పో ఎండాకాలం గొప్పో ఎవడికి తెలుసు? ఈ మధ్యలో ఏమీ మార్చని ఇంకో కూడలిని అదే కారిడార్‌లో కంట్రోల్‌గా పెట్టుకో, అక్కడ ఎంత తగ్గిందో చూసి అది తీసెయ్యి. లేదా బడులు తెరిచాక, జూలై ఆగస్టుల్లో మళ్లీ నువ్వే వీడియో తియ్యి. రెండోదే మంచిది.

కళ్లజోడు సుబ్బారావు:

ఎంత రీసెర్చ్ చేసినా చివరికి ఎస్సై గారు పొద్దున్నే వచ్చి బారికేడ్ ఎటు జరిపితే అటే ట్రాఫిక్. ఎవడు చదువుతాడయ్యా మీ థీసిస్.

పాత సర్వేయర్:

సుబ్బారావు గారూ, ఆ ఎస్సై గారికి జామ్ అయిన ఐదు నిమిషాల్లో వాకీటాకీలో పైనుంచి అక్షింతలు పడతాయి, యూటర్న్ దగ్గర క్యూ అరకిలోమీటరు అయితే ఆయన చేతిలో ఉన్నది ఆ బారికేడ్ ఒక్కటే. ఆయన్ని తిట్టి లాభం లేదు. అసలు ఇలాంటి స్టడీ చేసేవాళ్లు వెళ్లి ఆయనతో కూర్చుంటే, ఏ గంటలో ఎటు నుంచి తన్నుకొస్తుందో ఏ సర్వే కన్నా బాగా చెప్తాడు. నేను ఎప్పుడూ ముందు టీ తాగేది వాళ్లతోనే.

గుంపులో గోవిందు:

ప్యాసింజర్ గారు, మీ ప్రశ్నతో నా టాపిక్ సగం మారిపోయింది, కోపం లేదు లెండి. ఇవాళ గైడ్ గారితో మాట్లాడాను. హద్దు యూటర్న్‌లు దాటి పెట్టుకోవడానికి, మనిషికి ఆలస్యం లెక్కగట్టడానికి ఒప్పుకున్నారు. సెలవుల సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మే వీడియో పక్కన పెట్టెయ్" అన్నారు. కంట్రోల్‌కి హబ్సిగూడ తీసుకోనా అంటే, తార్నాకకి మరీ దగ్గర, ఇక్కడి మార్పు ప్రభావం అక్కడ కూడా పడుతుందేమో అంటున్నారు. మావయ్య గారూ, ఎంత దూరంలో ఉంటే సేఫ్?

మిషిగన్ మావయ్య:

మీ గైడ్ గారు చెప్పింది కరెక్ట్. ఇంత దూరం అని మీటర్లలో రూలు లేదు. తార్నాకలో మార్పు వల్ల దారి మార్చుకునేవాళ్లు ఎవరూ ఆ కూడలిని వాడకూడదు, తార్నాక క్యూ అక్కడిదాకా పాకకూడదు, కానీ బడులు, ఆఫీసులు, వాన అన్నీ రెండు చోట్లా ఒకేలా తగలాలి. హబ్సిగూడ మొదటి షరతులోనే పోతుంది. మ్యాప్ ముందేసుకుని మెట్రో లైన్ కింద ఉన్న వేరే సిగ్నల్ కూడళ్లు చూడు, సికింద్రాబాద్ దాటి బేగంపేట వైపు. రెండు మూడు ఎంచుకుంటే ఒక్కదానిలో ఏ గుంత తవ్వినా మిగతావి ఉంటాయి.

పాత సర్వేయర్:

గుంత అంటే గుర్తొచ్చింది, జూలైలో తీస్తానంటున్నావు కాబట్టి వానపడ్డ రోజు డేటా విడిగా దాచుకో, మామూలు రోజుల్లో కలపకు. సోమవారం, శుక్రవారం కూడా వద్దు. బోనాల ఆదివారం మర్నాడు సికింద్రాబాద్ వైపు కెమెరా తీసుకుని వెళ్లనే వెళ్లకు.